ఆవు అండాలు ఫ్రీజ్ చేసి తీశాక బతికే ఉంటున్నాయి, కానీ ఫలదీకరణ జరగడం లేదు. ఎక్కడ పోతోంది?

ప్రశ్న: ల్యాబ్‌లో 22 గంటలు మెచ్యూర్ చేసిన (ఫలదీకరణకు సిద్ధం చేసిన) ఆవు అండాలను విట్రిఫికేషన్ పద్ధతిలో (మంచు పలుకులు కట్టకుండా, గాజులా గట్టిపడేలా ఒక్కసారిగా చల్లబరచడం) లిక్విడ్ నైట్రోజన్‌లో పెడుతున్నాం. బయటికి తీసి చూస్తే గుండ్రంగా, బాగానే కనిపిస్తున్నాయి. కానీ వీర్యకణాలతో కలిపాక రెండు కణాలుగా విడిపోయేవి చాలా తక్కువ. తాజా అండాలు మాత్రం అదే రోజు, అదే వీర్యంతో బాగా విడిపోతున్నాయి. నెలరోజులుగా ఇదే టెన్షన్, దయచేసి చెప్పండి.

జవాబు 1: పైకి బాగున్నంత మాత్రాన లోపల బాగున్నట్టు కాదండీ. మెచ్యూర్ అయిన అండంలో క్రోమోజోములను పట్టి ఉంచే స్పిండిల్ చల్లదనానికి విడిపోతుంది, అందుకే అండాలను ముంచే ద్రావణాలు, ప్లేటు, పిపెట్ అన్నీ వెచ్చగా ఉన్నాయో లేదో ముందు చూడండి. బయటికి తీశాక వెంటనే వీర్యం కలపకుండా రెండు గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచితే స్పిండిల్ కొంతవరకు మళ్ళీ కుదురుకుంటుంది, మరీ ఆలస్యమైతే అండం ముదిరిపోతుంది. పిండాన్ని ఫ్రీజ్ చేయడం దీనికంటే తేలిక, అందులో చిన్న చిన్న కణాలు చాలా ఉంటాయి కాబట్టి నీళ్ళు తొందరగా బయటికి వస్తాయి. అండం సుమారు 120 మైక్రాన్ల ఒకే పెద్ద కణం, పైగా లోపల కొవ్వు బిందువులు.

జవాబు 2: పై మాటకు ఇంకొకటి. ద్రావణాల్లో మంచు కట్టకుండా కాపాడే మందులైన ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్‌ఓ తగిలినప్పుడు అండంలో కాల్షియం పెరిగి పైపొర గట్టిపడుతుంది, ఇక వీర్యకణం దూరలేదు. కాల్షియం లేని మీడియంలో ద్రావణాలు కలిపితే ఇది తగ్గుతుంది. కొన్ని అండాలను ద్రావణాల్లో మాత్రమే ముంచి, నైట్రోజన్‌లో పెట్టకుండా ఫలదీకరణకు పంపండి. అవీ విడిపోకపోతే తప్పు మందులది, విడిపోతే గడ్డకట్టించడంలోనో వేడి చేయడంలోనో ఉంది. ఈ పరీక్ష చేయకుండా ఎన్నాళ్ళు మార్పులు చేసినా గుడ్డిగా వెతకడమే.

ప్రశ్న అడిగినవారు: ఆ పరీక్ష చేయలేదండీ, రేపే చేస్తాను. చివరి ద్రావణంలో ఎంతసేపు ఉంచాలి? మేం రెండు నిమిషాల దాకా పెడుతున్నాం.

జవాబు 3: చాలా ఎక్కువ! రెండు మందులూ 15 శాతం చొప్పున, 0.5 మోలార్ సుక్రోజ్ ఉన్న ద్రావణమైతే నిమిషం లోపే నైట్రోజన్‌లోకి వెళ్ళిపోవాలి. బయటికి తీసేటప్పుడు గాలిలో ఆపకుండా, అండాలు పెట్టిన పరికరం అంచును నేరుగా వెచ్చని 1 మోలార్ సుక్రోజ్‌లో ముంచండి, నెమ్మదిగా వేడెక్కితే అప్పుడే మంచు పలుకులు పుడతాయి. చల్లబరిచే వేగం కంటే వేడెక్కే వేగమే ముఖ్యం.