సమస్య: బ్రేకు పెద్దదైనను దారి పెరిగెఁ గాదె

నిర్వాహకుడు: కారుకు పెద్ద బ్రేకులు కొని బిగించుకున్న మిత్రుడొకరు, బండి మునుపటికంటే దూరం పోయి ఆగుతోందని వాపోగా ఈ పాదం తట్టింది. పూరించండి.

డెట్రాయిట్ దత్తు:
ముందు డిస్కుల మాత్రమే మోజుపడుచు
పెంచి, వెనుకటి వానిని విడిచిపెట్టె;
జాఱె ముందరి టైరులు, జడత వెనుక;
బ్రేకు పెద్దదైనను దారి పెరిగెఁ గాదె!

2002 నాటి సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌కు 2004 ఎస్‌టీఐ అనే జోరైన రకంలోని బ్రెంబో కంపెనీ బ్రేకులను ముందువైపు మాత్రమే బిగించుకునేవారు ఉన్నారు. 326 మిల్లీమీటర్ల డిస్కు, నాలుగు పిస్టన్ల కాలిపరు (డిస్కును నొక్కిపట్టే భాగం) చేరేసరికి బ్రేకు బలం ముందుకు మొగ్గి, ముందు టైర్లు పట్టు కోల్పోయే వేళకు వెనుక టైర్లు చేయగల పని ఇంకా మిగిలే ఉంటుంది.

యతిభక్తుడు: దత్తుగారి గణాలు ఈసారి సరిగానే నడిచాయి. పోయిన నెల ఇదే కారు మీద "రిమ్ము పదహారంగుళాలే, ఱేకు గీఱె" అని రాసి, ఆ బ్రెంబోలు పట్టాలంటే 17 అంగుళాల రిమ్ము ఉండాలని మాకు బోధించారు గాని, 'పదహా' తరువాత లఘువు రావలసిన చోట 'రం' తిష్ఠ వేసిందని చూసుకోలేదు. నా పూరణ:

పెద్ద డిస్కని ధీమాగ వేగపడుచు,
వేగవర్గము కొలఁదిగ వేఁడి హెచ్చ,
పట్టు మారని టైరుతోఁ బరుగుదీయ,
బ్రేకు పెద్దదైనను దారి పెరిగెఁ గాదె!

డెట్రాయిట్ దత్తు: ఆ పాదాన్ని "రిమ్ము పదియాఱె యంగుళాల్" అని ఆనాడే సవరించాను, తమరు సవరణ దాకా చదవలేదన్నమాట. 'వేగవర్గము' (వేగాన్ని వేగంతోనే గుణించినది) మాత్రం నిజంగా బాగుంది: వేగం గంటకు 100 కిలోమీటర్ల నుంచి 120కి పెరిగితే, బ్రేకు నొక్కాక బండి పోయే దూరం 44 శాతం పెరుగుతుంది. నా 'మోజుపడుచు' చదివిన వెంటనే తమకు 'వేగపడుచు' తట్టడమూ ముచ్చటగానే ఉంది. కాని 'వేఁడి హెచ్చ' ఎందుకండీ? మళ్ళీ మళ్ళీ బ్రేకు వేసినప్పుడు పుట్టే ఆ వేడిని భరించడానికే కదా పెద్ద డిస్కు వేసుకునేది!

యతిభక్తుడు: డిస్కు భరిస్తుంది, బ్రేకాయిలు భరించదు. తేమ చేరిన పాత ఆయిలును మార్చకుండా ట్రాకు మీదికి వెళ్తే, అది మరిగి ఆవిరి బుడగలు పుట్టి, పెడలు మెత్తబడి కిందికి దిగిపోతుంది.

నిర్వాహకుడు: మాట నిజమే గాని, ఆ ఆయిలు పద్యంలో ఎక్కడా కనబడదు. రెండో పాదాన్ని "వేఁడి కాయిలు మరుగంగఁ బెడలు దిగఁగ" అని మారిస్తే దత్తుగారి ఆక్షేపణ తీరుతుంది, యతికీ ఢోకా లేదు.

డెట్రాయిట్ దత్తు: తీరుతుంది. కాని దానితో 'వేగవర్గము' ఎగిరిపోతుంది. ఆ పద్యంలో నేను మెచ్చినది ఆ ఒక్క మాటనే.