ఎగ్జిమా ఉన్న పసిబిడ్డకు పథ్యం పెట్టాలా, వద్దా?

పసిబిడ్డ తల్లి:
మా పాపకు ఏడాదిన్నర. నెలల పిల్లగా ఉన్నప్పటి నుంచే బుగ్గలు ఎర్రగా పొక్కి రసి కారేవి. ఇప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక చర్మం గరుకుగా, మందంగా తయారైంది. ఎగ్జిమా అన్నారు డాక్టరు. గుడ్డు, వేరుశనగ పొడి పాప ఇష్టంగా తింటుంది, తిన్నాక ఎప్పుడూ ఏమీ కాలేదు. అయినా మా అత్తయ్యగారు గుడ్డు, వేరుశనగ, చేప, వంకాయ, పెరుగు అన్నీ మాన్పించమంటున్నారు. డాక్టరేమో ఏదీ మాన్పవద్దన్నారు. ఆవిడ నలుగురు పిల్లలను పెంచిన మనిషి, ఆవిడ మాట తీసిపారేయలేను. మీ ఇళ్లలో ఏం చేశారు?

పాతకాలం మాట:
అత్తయ్యగారి మాట వినమ్మా. మా అబ్బాయి వంకాయ కూర తిన్నాడంటే ఆ రాత్రంతా గోకుడే. డాక్టరు పది నిమిషాలు చూస్తారు, తెల్లవార్లూ చూసేది మనం. క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది, చర్మం పలచబడుతుంది. ఒక నెల పథ్యం చేయిస్తే పోయేదేముంది?

పిల్లల వార్డు నర్సు:
పోయేది ఉందండీ. పెద్దవాళ్ల మీద గౌరవం ఉంచుకునే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

లండన్‌లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టారు, మిగతా సగానికి పూర్తిగా మాన్పించారు. ఐదేళ్లు నిండేసరికి మాన్పించిన పిల్లల్లో 17.2 శాతం మందికి వేరుశనగ అలర్జీ ఉంది. తిన్నవాళ్లలో 3.2 శాతం మందికే ఉంది.

కారణం చర్మంలోనే ఉందంటున్నారు. ఎగ్జిమా చర్మం బీటలు వారిన గోడ లాంటిది. ఇంటి దుమ్ములో, మన చేతుల మీద ఉండే ఆహారపు ప్రొటీన్లు ఆ బీటల్లోంచి లోపలికి వెళితే శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. అవే నోటి ద్వారా వెళితే అలవాటు పడుతుంది. నోటి దారి మూసేసి చర్మం దారి తెరిచి ఉంచడమే పథ్యంలోని ప్రమాదం. హాయిగా తింటున్న ఆహారాన్ని నెలల తరబడి మాన్పించి, మళ్లీ పెట్టినప్పుడు ప్రాణం మీదికి వచ్చిన పిల్లలు ఉన్నారు.

నిజమైన అలర్జీ వేరుగా కనిపిస్తుంది. తిన్న నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ఆయాసం వస్తాయి. అలా వస్తే ఆ పదార్థం వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి. ఆయాసం వస్తే నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

క్రీము విషయం: పేరు తెలియని మిశ్రమ క్రీములు దుకాణంలో కొని నెలల తరబడి రాస్తే చర్మం పాడవడం నిజమే. డాక్టరు రాసిన బలంలో, చెప్పినన్ని రోజులు రాస్తే ఆ భయం చాలా తక్కువ. పెద్దవాళ్ల చూపుడువేలి కొసన ఒక కణుపు పొడవున పిండిన క్రీము పెద్దవాళ్లవే రెండు అరచేతులంత (వేళ్లతో సహా) మేరకు సరిపోతుంది. చాలామంది భయంతో అందులో నాలుగో వంతు రాసి, మందు పనిచేయలేదంటారు.

మోచేతి మడత:
నేను ఎగ్జిమాతోనే పెరిగాను. మా ఇంట్లో పథ్యం ఎంత నిష్ఠగా జరిగిందంటే, పెళ్లి భోజనంలో నా విస్తరి వేరుగా ఉండేది. చర్మానికి మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. ఈ జబ్బు దానంతటదే ఎక్కువవుతుంది, దానంతటదే తగ్గుతుంది. ఎక్కువైన రోజున నిన్న తిన్నదాని మీద నేరం పడుతుంది, తగ్గిన రోజున పథ్యానికి పేరొస్తుంది. నాకు నిజంగా మేలు చేసింది గోరువెచ్చని నీళ్లతో త్వరగా ముగించే స్నానం, ఒళ్లు తడి ఆరకముందే పట్టించే వాజలిన్. చలికాలపు పొడిగాలి, వేసవి చెమట నన్ను బాధించినంతగా ఏ కూరా బాధించలేదు.

పాతకాలం మాట:
స్నానం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. సెనగపిండి నలుగు కూడా మానాలా? అది మందు కాదు కదా.

పిల్లల వార్డు నర్సు:
పగిలిన చర్మానికి మానాలి. రుద్దుడు వల్ల దురద పెరగడం ఒకటైతే, సెనగ కూడా ఆహారమే కదా. జపాన్‌లో గోధుమ ప్రొటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడి, రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ తెచ్చుకున్నారు. అంతకుముందు వాళ్లలో చాలామంది రొట్టె నిశ్చింతగా తిన్నవాళ్లే.

పాతకాలం మాట:
నలుగు సంగతి ఆలోచిస్తాను. వంకాయ మాత్రం నేను కళ్లతో చూశాను, ఒప్పుకోను.

పిల్లల వార్డు నర్సు:
వంకాయ, టమాటా, నిమ్మ రసం తగిలి పిల్లల మూతి చుట్టూ ఎర్రబడటం మామూలే. అన్నం పెట్టే ముందు అక్కడ కాస్త వాజలిన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. అయినా వంకాయ మానినందువల్ల బిడ్డ ఎదుగుదలకు లోటు రాదు, మానండి. గుడ్డు, పెరుగు, చేప, వేరుశనగ అన్నీ ఒకేసారి తీసేస్తే ఆ పాప దేనితో ఎదగాలి?

పసిబిడ్డ తల్లి:
అత్తయ్యగారికి ఇదంతా చదివి వినిపించాను. వంకాయ, నలుగు ఆపుతున్నాం, గుడ్డు, పెరుగు కొనసాగిస్తున్నాం. వేరుశనగకు ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే వారం డాక్టరు దగ్గరికి ఆవిడనూ వెంటబెట్టుకుని వెళతాను. వేరుశనగ ఎలా పెట్టడం మంచిది?

పిల్లల వార్డు నర్సు:
ఇప్పటిలాగే మెత్తటి పొడిగా, అన్నంలోనో అరటిపండులోనో కలిపి వారానికి రెండు మూడు సార్లు పెట్టండి. గింజలు మాత్రం ఐదేళ్ల లోపు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.