ఈ వారం సమస్య: ‘రాతిమేడ పలికె రాజుతోడ’

నిర్వాహకుడు: ఇది నాలుగో పాదం. రాతిమేడ మాట్లాడటం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు కట్టి పూరించాలి. ఛందస్సు ఆటవెలది. 1700 నుంచి 1735 లోపు మనుషులైనా, ఊళ్ళైనా పద్యంలో కనబడాలి. దయ్యాల మేడలు, కలలు వద్దు, పోయినసారి వాటితోనే విసిగిపోయాం.

పద్యపిచ్చి: నాదే బోణీ.

గోలకొండ కోట గుమ్మాన చప్పట్లు
కొట్ట సవ్వ డదియె కొసకు జేర
వైరి వచ్చె నన్న వార్తను జేర్చుచు
రాతిమేడ పలికె రాజుతోడ

గణాల మాస్టారు: నడక హాయిగా ఉంది, యతులూ, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ పడే జోడీ అక్షరాలూ, సరిపోయాయి. కానీ బాబూ, గోలకొండ 1687లోనే ఔరంగజేబు చేతికి పోయింది కదా, మీ పద్యంలో చప్పట్లు వినడానికి పైన ఏ రాజున్నాడు? పోటీకి చెల్లదు.

జైపూర్ కోడలు: మాస్టారూ, ఇది చూడండి.

జయపురంబులోన జయసింహు డెత్తిన
నిలువు మెట్లమీద నీడ పాకె
గంట యెంత యన్న గడియతో సహ చెప్పి
రాతిమేడ పలికె రాజుతోడ

పద్యపిచ్చి: పూరణ అదిరింది! అయితే అక్కడి జంతర్ మంతర్‌లోని పెద్ద నీడ గడియారం, ఆ సమ్రాట్ యంత్రంలో మెట్లున్నది 27 మీటర్ల ఆ ఏటవాలు గోడకి. నీడ పడేది దానికి రెండు పక్కలా ఉన్న వంపు మీద, గీతలు చెక్కిన చలువరాతి మీద. అక్కడే కూర్చుని మెట్లంటే ఎలా అక్కా?

జైపూర్ కోడలు: నిజమే, సెకనుకు దాదాపు మిల్లీమీటరు చొప్పున ఆ గీతల మీద జరుగుతుంది, వంగి చూస్తే కదలడం తెలిసిపోతుంది కూడా. మారుస్తున్నా:

జయపురంబులోన జయసింహు డెత్తిన
చలువరాతి వంపు చాలుమీద
నీడ పాక గంట నిమిషాలు లెక్కించి
రాతిమేడ పలికె రాజుతోడ

గణాల మాస్టారు: ఇప్పుడు కుదిరింది. సమస్యలో అసంభవం ఎక్కడుందో అక్కడే విడిపోయింది.

హనుమకొండ తమ్ముడు: అందరూ రాజుల వైపే ఉంటే ఎట్లా? నాది మొగలుల మీద తిరగబడ్డ కల్లుగీత వీరుడు సర్వాయి పాపన్న మీద.

తాళ్ళు గీయు చేయి సైన్యమున్ నడిపింప
నోరుగల్లు వణికె నొక్కసారి
రార చూత మనుచు రాయిరాయిగ లేచి
రాతిమేడ పలికె రాజుతోడ

గణాల మాస్టారు: మూడో పాదానికి నా దండాలు. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది, ‘తా’కి ‘సై’ కుదరదు. ‘దండును నడిపింప’ అనండి, గణాలకు ఢోకా లేదు, మాట కూడా ఇంకా మనది.

పద్యపిచ్చి: మేడ అంటే పాపన్న ఉన్న ఖిలాషాపూర్ కోట, రాజంటే ఢిల్లీ బాద్‌షా, అంతేగా? మరి 1709లో బహదూర్ షా హైదరాబాదు వచ్చినప్పుడు పాపన్న కానుకలతో దర్బారుకు పోయాడే! ‘రార చూతం’ అన్నవాడు అట్లా పోతాడా?

హనుమకొండ తమ్ముడు: దర్బారుకు పోయింది పాపన్న, ‘రార’ అన్నది కోట! ఆ మన్నన ఎన్నాళ్ళుంది అన్నా? ఓరుగల్లు దోపిడీ మీద ఫిర్యాదులు పోగానే బాద్‌షా మాట మార్చాడు, 1710లో పట్టుకుని చంపేశారు. కోట గోడలు ఇప్పటికీ ఉన్నయి, పోయి అడుగు.

నిర్వాహకుడు: ‘దండును’ మార్పుతో తమ్ముడి పూరణ పైన పెడుతున్నా. గోలకొండ పద్యం పోటీ బయట ఉంటుంది, తీసెయ్యను. ఆదివారం రాత్రి దాకా గడువు.