వాడపల్లి చెత్త సముద్రం దాకా పోతుంది, మా పిల్లలు ఏం చేయొచ్చు?

నమస్తే. మాది మిర్యాలగూడ, లెక్చరర్‌ని. సముద్రానికీ మాకూ ఏం సంబంధం అనుకునేవాణ్ని. మొన్న వాడపల్లిలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట, 12 మంది ఇంటర్ పిల్లలతో చెత్త ఏరాం. కొబ్బరి చిప్పలు, పసుపు అంటిన క్యారీ బ్యాగులు, షాంపూ ప్యాకెట్లు, తెగిపోయిన వల ఒకటి. వలలో ఎండ్రకాయ ఇంకా కదులుతోంది. ఒకమ్మాయి బ్లేడుతో దారాలు కోసి దాన్ని వదిలేసి, "సార్, మనం తీయకపోతే ఇదంతా హంసలదీవి దగ్గర సముద్రంలోకేనా?" అంది. మధ్యలో పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఉన్నా వరదొస్తే గేట్లు ఎత్తుతారు కదా, అవునన్నాను.

ఇప్పుడు ఈ పని మేమే నడుపుతామని పట్టుబట్టారు. నేను ఊరికే పక్కనుంటే చాలట. నీళ్ల దగ్గర పిల్లలంటే నాకు టెన్షన్ (నాకే ఈత రాదు).

నాగాయలంక, హంసలదీవి వైపు వాళ్లెవరైనా ఉన్నారా? అక్కడి తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కదా, ఆ గుడ్లు కాపాడే పనిలో మత్స్యకారుల పిల్లలు ఉంటే మావాళ్లను కలపాలని ఉంది. అటవీశాఖలో పర్మిషన్ ఎవరిని అడగాలి? 17 ఏళ్ల పిల్లలకు పెత్తనం ఇచ్చి, పెద్దవాళ్లం ఎంతవరకు వెనక్కి తగ్గొచ్చు? చేసి చూసినవాళ్లు చెప్పండి.