పేరు తెలియని జపాన్ డ్రమ్ సెట్టును ‘టామా’ అని అమ్మవచ్చా?

ప్రశ్న:
మేముండే న్యూజెర్సీలో పక్క వీధివారు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన సామానులో, ఎర్రని మెరుపు రేకు చుట్టిన నాలుగు డ్రమ్ముల సెట్టు ఒకటి కొన్నాను. బ్యాడ్జీ మీద నేనెన్నడూ వినని పేరు, దాని కింద ‘మేడ్ ఇన్ జపాన్’ అని ఉన్నాయి. స్నేర్ అనే చిన్న డ్రమ్ముకు ఆరే లగ్గులు (పైపొరను బిగించే మరలను పట్టి ఉంచే లోహపు ముక్కలు) ఉన్నాయి. ఇది పేరున్న జపాన్ డ్రమ్ముల బ్రాండు టామా 1960లలో చేసినదని అమ్మినవారు నమ్మకంగా చెప్పారు. ఆ పేరుతోనే తిరిగి అమ్మవచ్చా? ఎంత అడగడం న్యాయం?

మొదటి జవాబు:
నిస్సందేహంగా అమ్మవచ్చు. జపాన్‌లోని హోషినో సంస్థ 1960లలో స్టార్ పేరుతో డ్రమ్ములు తయారుచేసేది. టామా అన్నది ఆ సంస్థ తరువాత పెట్టుకున్న పేరే. లగ్గుల ఆకారం స్టార్ డ్రమ్ములతో సరిపోలితే ఎనిమిది వందల డాలర్లు అడగండి.

రెండవ జవాబు:
పైవారు చెప్పిన చరిత్ర నిజమే కానీ, దాని నుంచి తేల్చిన మాటను నేను ఒప్పుకోలేను. టామా పేరు 1974లో గాని రాలేదు. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందం ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో వాయించిన తరువాత అమెరికా పిల్లల్లో డ్రమ్ముల మోజు ఒక్కసారిగా పెరగడంతో, దిగుమతిదారులూ దుకాణదారులూ జపాన్ కర్మాగారాల నుంచి చవక సెట్లు తెప్పించి, వాటికి తమకు తోచిన పేర్ల బ్యాడ్జీలు వేయించారు. లగ్గులు చాలావరకు అమెరికన్ నమూనాలకు అనుకరణలే కాబట్టి, ఆకారం కలిసినంత మాత్రాన తయారీదారు తేలడు.

మీరు బేస్ డ్రమ్ ముందు హెడ్ (బిగించిన పొర) విప్పి, టార్చి వేసి లోపలి గోడ చూడండి. సన్నని రంధ్రాలున్న ఎరుపు గోధుమ రంగు తేలిక కలప కనిపిస్తే అది లువాన్. ఆ కాలపు చవక జపాన్ సెట్లలో ఎక్కువగా వాడినది అదే. తరువాత హెడ్ ఆనే అంచు మీద వేలు పెట్టి చుట్టూ నడిపించండి. వేలికి ఎగుడుదిగుడు తగిలిన చోట హెడ్ సరిగా ఆనదు, శ్రుతి కుదరదు.

విద్యార్థుల కోసం చేసినదల్లా చవక సరుకని మాత్రం అనుకోవద్దు. అమెరికా డ్రమ్ముల సంస్థ లుడ్విగ్ 1960లలో పాఠశాల పిల్లల కోసం తెచ్చిన అక్రొలైట్ స్నేర్‌కు ఎనిమిదే లగ్గులున్నా, ఆ సంస్థదే పది లగ్గుల సుప్రాఫోనిక్ స్నేర్ లాగే దానిదీ అల్యూమినియం షెల్ (డ్రమ్ము గుండ్రని గోడ). పైన క్రోమ్ పూత లేదు కనుక పెచ్చులూడే బాధ కూడా లేదు. నేటికీ రికార్డింగులలో దానిని కోరి వాడుతున్నారు. దాని విలువ వాయిద్యంలోనే ఉంది. మీ సెట్టుకు అంటగట్టబోతున్న విలువ అరువు పేరులో ఉంది.

నేనైతే ‘1960ల నాటి జపాన్ సెట్టు, తయారీదారు తెలియదు’ అని రాసి, సామాను పూర్తిగా ఉంటే రెండు మూడు వందల డాలర్లు అడుగుతాను. ఆ పేరు నమ్మి ఎనిమిది వందలు పెట్టేది బహుశా కొడుక్కి మొదటి సెట్టు కొనే తండ్రే అవుతాడు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
పేరు విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. ధర విషయంలో ఒప్పుకోను. రేకు పగలకుండా, నాలుగూ మొదటి నుంచీ కలిసి ఉన్న సెట్టు దొరకడం అరుదు. దానికి ఐదు వందలైనా తగును.

రెండవ జవాబు ఇచ్చినవారు:
మొదటి నుంచీ కలిసే ఉన్నాయో లేదో చూడవలసిందే. ప్రతి డ్రమ్ముకూ ఒక్కొక్క లగ్గు విప్పి, దాని చాటున ఎండ తగలని ఎరుపును నాలుగింటిలోనూ పోల్చండి. ఆ రంగూ మెరుపూ ఒక్కటే అయితే నేను నాలుగు వందల దాకా వస్తాను.