రోజూ వేసుకునే నల్లపూసలకు ఏ గుండ్లు మంచివి: పూత ఇత్తడివా, వెండివా?

సన్నతీగ:
రోజంతా మెడలో ఉండే నల్లపూసల దండకు మధ్య మధ్యలో 3 మి.మీ. గుండ్లు కావాలి. బంగారు పూత వేసిన ఇత్తడివి తొందరగా నల్లబడుతున్నాయని కొన్నవాళ్లు అంటున్నారు. పైగా దారం గుండు పక్కనే తెగుతోంది. వెండి గుండ్లకు పూత వేయించడం నయమా, గోల్డ్ ఫిల్డ్‌వి (బంగారు పొర అతికించినవి) తెప్పించుకోవాలా?

గుండ్లమాల:
ముందు దారం సంగతి చూడండి. తెంపేది రంధ్రం అంచు. రేకు చుట్టి చేసిన చౌక గుండ్లకు అతుకు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది, అంచు నునుపు చేసి ఉండరు. కొనేముందు ఓ పది గుండ్లలో సన్న పట్టుదారం ఎక్కించి ముందుకూ వెనక్కూ లాగండి. పోగులు లేచాయంటే ఆ సరుకు వద్దు. గట్టి గుండ్లయితే రీమర్‌ని (రంధ్రం నునుపు చేసే సన్న ఆకురాయి) నీళ్లలో తడిపి రెండు వైపులా నెమ్మదిగా తిప్పండి. బోలు గుండ్లకు మాత్రం వద్దు, అంచు చీలిపోతుంది.

ఇత్తడిఅంగడి:
పూత గుండుకు రీమర్ పెట్టమని ఎలా చెబుతారండీ? అంచు దగ్గర పూత లేచిపోయి ఇత్తడి బయటపడుతుంది, చెమట అక్కడినుంచే పని మొదలుపెడుతుంది. అసలు దారాన్ని కోసేది నల్లపూసే. గాజు ఇత్తడికన్నా గట్టిది, ముక్కలుగా కోసిన పూస అంచు ఇంకా పదును. దారం మానేసి 0.38 మి.మీ. గేర్ వైర్ (పూసలు గుచ్చే సన్న స్టీలు తీగ) వేయండి, చివర్లకు 2 మి.మీ. గేర్ లాక్ (తీగ జారకుండా నొక్కి బిగించే చిన్న గొట్టం). నొక్కే ముందు లాక్‌లోంచి వెళ్లి తిరిగొచ్చిన రెండు తీగలూ ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా విడదీయాలి. లాక్ నొక్కే పటకారు లోపలి గాడిలో ఒకసారి, బయటి గాడిలో ఒకసారి నొక్కాలి.

పగడాలు:
గేర్ వైర్‌కు ఒకసారి మడత పడితే మళ్లీ సాపు కాదు. నల్లపూసలు మెడ మీద జారినట్టు పడాలంటే దారమే.

గుండ్లమాల:
బిగించి గుచ్చితే గేర్ వైర్ కూడా లాక్ పక్కనే పోగుపోగుగా తెగుతుంది. ఒకటి రెండు మి.మీ. వదులు ఉంచాలి, అది మీరు చెప్పలేదు. రీమర్ సంగతి అంటారా, నేను చెప్పింది పూత వేయించక ముందు.

ఇత్తడిఅంగడి:
“పూతకు ముందు” అన్న మాట మీ మొదటి జవాబులో ఎక్కడుంది? చదివినవాళ్లు గుండ్లు పాడుచేసుకుంటారు.

లోహపరీక్ష:
అడిగిన ప్రశ్న పక్కకు పోతోంది. ఇత్తడి మీద నేరుగా పలుచని బంగారు పూత వేస్తే కింది రాగి, జింకు మెల్లగా పైకి చేరి రంగు మాడుతుంది. అది ఆపడానికి మధ్యలో నికెల్ పొర వేస్తారు. పూత అరిగాక ఆ నికెల్‌తోనే కొందరికి మెడంతా దురద, దద్దుర్లు. చర్మాన్ని అంటుకుని ఉండే వస్తువులకు యూరప్ పెట్టిన హద్దు చదరపు సెంటీమీటరు నుంచి వారానికి 0.5 మైక్రోగ్రాముల నికెల్ విడుదల. డైమిథైల్‌గ్లయాక్సిమ్ (నికెల్‌ను పట్టిచ్చే రసాయనం) చుక్క వేసి దూదితో రుద్దితే నికెల్ ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. నికెల్‌కు బదులు వైట్ బ్రాంజ్ (రాగి, తగరం కలిసిన తెల్లని లోహం) పొర అడగండి.

గోల్డ్ ఫిల్డ్ అంటే వేడితో, ఒత్తిడితో అతికించిన బంగారు పొర, మొత్తం బరువులో 20వ వంతు. పూతకన్నా చాలాకాలం నిలుస్తుంది. కానీ ఎక్కువగా దొరికేది 14 క్యారెట్లు, 22 క్యారెట్ల పుస్తెల పక్కన వెలిసినట్టు కనిపిస్తుంది. నేనైతే 92.5 వెండి గుండ్లకు 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) బంగారు పూత వేయిస్తాను, కింద నికెల్ వద్దని ముందే చెప్పి.

ఇత్తడిఅంగడి:
ఆ ధరకు కొనేవాళ్లు ఎంతమందండీ? పెళ్లికో పండక్కో వేసుకునేవాళ్లకు ఇత్తడి చాలు. ఇక్కడ ఎవరు ఏ ప్రశ్న వేసినా చివరికి ఇత్తడి మోసం అన్నట్టే తేలుస్తారు.

గుండ్లమాల:
ఇత్తడి మోసమని నేను అనలేదు. దాని మీద “వన్ గ్రామ్ గోల్డ్” అని చీటీ అంటించి రోజూ వేసుకోవచ్చని అమ్మడం మోసం. పూత ఎన్ని మైక్రాన్లో, కింద నికెల్ ఉందో లేదో చీటీ మీద రాయండి, నాకు ఏ గొడవా లేదు.

ఇత్తడిఅంగడి:
ఎక్కడినుంచి రాయాలి? ఒక హోల్‌సేల్ కొట్లో గట్టి గుండ్లని చెప్పి బోలువి అంటగట్టారు, మైక్రాన్లు అడిగితే కాగితం ఇవ్వలేదు. హోల్‌సేల్ వాడు చెప్పనిది గుచ్చేవాళ్లు ఎలా చెబుతారు? ఆ నింద ఎప్పుడూ మా మీదికే వస్తోంది, అదే నా బాధ.

గుండ్లమాల:
ఆ మాట ముందే చెప్పాల్సింది, ఇందులో మీదే న్యాయం. అప్పుడు “పూత మందం తెలియదు, అప్పుడప్పుడు వేసుకోవడానికి మాత్రమే” అని రాయండి. బోలువో కాదో తూకమే చెబుతుంది. 1 మి.మీ. రంధ్రం ఉన్న 3 మి.మీ. గట్టి ఇత్తడి గుండ్లు వంద కలిపి సుమారు 10 గ్రాములు ఉండాలి. ఐదు దగ్గర ఆగితే లోపల ఖాళీ.

ఇత్తడిఅంగడి:
అలా రాస్తే పక్క కొట్టుకు పోతారు. అయినా మందం తెలియదన్నంతవరకు రాస్తాను. రోజూ వేసుకోకూడదన్నది మాత్రం ఒప్పుకోను. స్నానానికి తీసిపెట్టి, అత్తరు తగలకుండా చూసుకునేవాళ్లూ ఉన్నారు.

సన్నతీగ:
వెండికే వెళ్తాను. అరిగాక దండతో పాటే మళ్లీ పూత వేయించొచ్చా?

లోహపరీక్ష:
వద్దు. పూతకు ముందు ఆమ్లంతో శుభ్రం చేస్తారు, దండలో ముత్యాలూ పగడాలూ ఉంటే పాడవుతాయి. దారం కోసి గుండ్లు మాత్రమే విడిగా ఇవ్వండి, తిరిగొచ్చాక కొత్త దారంతో గుచ్చుకోండి.