గుండె లయ తప్పేవాళ్లు నిద్ర కోసం మెగ్నీషియం బిళ్ళలు వేసుకోవచ్చా? (నాన్నగారి కోసం అడుగుతున్నాను)

పటమట అమ్మాయి:

నమస్తే అండి. మాది విజయవాడ, పటమట. నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల కిందట ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) అని తేలింది. అప్పటినుంచి పరగడుపున పాంటాప్రజోల్, టిఫిన్ తర్వాత మెటోప్రొలాల్, బీపీకి నీరు లాగే బిళ్ళ ఒకటి, రాత్రి రక్తం పలచబడడానికి అసిట్రోమ్. గుండె సంగతి ఇప్పుడు ఫర్వాలేదు కానీ నిద్రే లేదు. పదిన్నరకి పడుకుంటే వెంటనే నిద్రపోతారు, రెండింటికల్లా లేచి హాల్లో ఫ్యాన్ కింద కూర్చుంటారు. మొన్న నేను మంచినీళ్లకి లేచేసరికి చీకట్లో మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ నాడి లెక్కపెట్టుకుంటున్నారు. నన్ను చూసి చెయ్యి తీసేసి "ఉక్కగా ఉందమ్మా" అన్నారు.

పోయిన నెల డాలస్ నుంచి మా పెద్దమ్మ కూతురు వస్తూ మెగ్నీషియం గ్లైసినేట్ పెద్ద డబ్బా తెచ్చింది. "అక్కడ మేమందరం ఇదే వేసుకుంటాం బాబాయ్, హాయిగా నిద్ర పడుతుంది, గుండెకీ మంచిదే, ఇది మందు కాదు" అంది. ఆ "మందు కాదు" అన్న మాట పట్టుకుని కూర్చున్నారు ఈయన. డబ్బా తీసి బీరువాలో పెట్టాను, రోజూ అడుగుతున్నారు. డాక్టరుగారి దగ్గరికి వెళ్లడానికి ఇంకా మూడు వారాలుంది. నెట్‌లో చూస్తే ఒకచోట మెగ్నీషియం తక్కువైతే గుండె లయ తప్పుతుందని, ఇంకోచోట ఎక్కువైతే గుండె నెమ్మదించి ప్రాణం మీదకి వస్తుందని. రెండూ చదివాక నాకూ నిద్ర పోయింది. వాడినవాళ్లుంటే చెప్పండి.

బ్రాడీపేట బాబాయ్:

అమ్మా, నాది గుంటూరు, నాదీ అదే జబ్బు, ఆరేళ్లయింది. డబ్బా బీరువాలో పెట్టి మంచి పని చేశావు. నేను చేసిన తెలివితక్కువ పని విను. నాలుగేళ్ల కిందట మే నెలలో నిద్ర పట్టక, ఒక మందుల కొట్టులో నేనే అడిగి మెగ్నీషియం బిళ్ళలు తెచ్చుకున్నాను. చీటీ లేదు, కొట్టువాడూ ఏం అడగలేదు, నేనూ ఏం చెప్పలేదు. అవి ఆక్సైడ్ రకమట, అది పేగులోకి నీళ్లు లాగుతుందని నాకు తర్వాత తెలిసింది. మూడో రోజుకి మొదలయ్యాయి విరేచనాలు, రోజుకి ఆరేడు సార్లు. అసలే గుంటూరు ఎండలు, పైగా నేనూ నీరు లాగే బిళ్ళ వేసుకుంటాను. ఐదో రోజు రాత్రి గుండె చేపపిల్లలా గిలగిలా కొట్టుకోవడం మొదలైతే కొత్తపేటలో ఆసుపత్రికి పట్టుకెళ్లారు. పొటాషియం పడిపోయింది అన్నారు. నిద్ర కోసం వేసుకున్న బిళ్ళ రెండు రాత్రులు ఐసీయూలో లైట్ల కింద కళ్లు తెరిపించి కూర్చోబెట్టింది.

ఇంతకీ నా నిద్ర ఎందుకు పాడయిందో చెప్తే నవ్వుతావు. నీరు లాగే బిళ్ళ నేను రాత్రి భోజనం అయ్యాక వేసుకునేవాణ్ణి, రాత్రి బిళ్ళలన్నీ ఒకేసారి మింగేస్తే పని అయిపోతుందని. దానికి మూడుసార్లు బాత్రూంకి లేవాలి, లేచాక మళ్లీ నిద్ర ఎక్కడ పడుతుంది? డాక్టరుగారు దాన్ని పొద్దుటికి మార్చారు, అంతే. మీ నాన్నగారు అది ఎప్పుడు వేసుకుంటున్నారో నువ్వు రాయలేదు, అడిగి చూడు.

మందుల కొట్టు మనిషి:

పాతికేళ్లుగా ఇదే పని అండి నాది, పై పోస్టులో కొట్టు మాది కాదు అని ముందే మనవి. చీటీ లేకుండా, ఇంకేం వాడుతున్నారని అడక్కుండా ఇవ్వడం తప్పే.

మొదట డబ్బా వెనక చదవండి. గ్లైసినేట్‌లో అసలు మెగ్నీషియం బరువులో 14 శాతమే, ఆక్సైడ్‌లో 60 శాతం దాకా ఉంటుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ, బాబాయ్‌గారిలా బాత్రూం పాలవుతుంది. కొన్ని డబ్బాల మీద మొత్తం పొడి బరువు పెద్ద అక్షరాల్లో వేస్తారు, అసలు మెగ్నీషియం ఎంతో వెనక చిన్నగా ఉంటుంది, అదీ రెండు మూడు బిళ్ళలు కలిపి లెక్క. పెద్దవాళ్లు తిండి కాకుండా విడిగా వేసుకునేది రోజుకి 350 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికా వాళ్లే పెట్టుకున్నారు. అదీ కిడ్నీలు బాగున్నవాళ్లకి.

అసలు తిరకాసు కిడ్నీలే. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది అవే. అవి మందగిస్తే ఒంట్లో పేరుకుంటుంది, బీపీ పడిపోవడం, ఒళ్లు తూలడం, నాడి మరీ నెమ్మదించడం అన్నీ వస్తాయి. మెటోప్రొలాల్ పనే గుండె వేగం తగ్గించడం కదా, దానికి ఇది తోడైతే చెప్పేదేముంది. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు బయటికి తీయండి. ఏడాది పాతదైతే కొత్తది చేయించండి.

మీరు నెట్‌లో చదివిన రెండు మాటలూ నిజమే అండి. మీ నాన్నగారికి నిజంగానే తక్కువై ఉండొచ్చు కూడా. నీరు లాగే బిళ్ళల్లో చాలావాటికి మూత్రంలో మెగ్నీషియం, పొటాషియం రెండూ పోతాయి. పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలు ఏళ్ల తరబడి వాడితే మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే హెచ్చరించింది. మన దగ్గర ఆ బిళ్ళ ఒకసారి మొదలుపెడితే ఎవరూ ఆపమనరు, వీళ్లూ ఆపరు. మెగ్నీషియం లోటు తీర్చకపోతే పొటాషియం ఎంత పోసినా నిలవదు. అలాగని ఆ గ్యాస్ బిళ్ళ మీరే ఆపేయకండి, అసిట్రోమ్ వేసుకునేవాళ్లకి కడుపులో రక్తం కారకుండా కావాలనే రాస్తారు ఒక్కోసారి. అడగండి, అంతే. రక్త పరీక్షలో మెగ్నీషియం కూడా చూడమనండి, కాకపోతే ఒంట్లో ఉన్న మొత్తంలో 1 శాతమే రక్తంలో తిరుగుతుంది, మిగతాదంతా ఎముకల్లో, కండల్లో. రిపోర్టు నార్మల్ అన్నా లోటు ఉండే వీలుంది.

ఎమర్జెన్సీలో ఒక రకం ప్రమాదకరమైన లయకి మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు నరంలోకి ఎక్కిస్తారు, అది మానిటర్ పెట్టుకుని చేసే వైద్యం. ఆ ముక్క విని "గుండెకి మంచిది" అని డబ్బాలు కొనేవాళ్లని రోజూ చూస్తుంటాను.

ఇక నిద్ర. 2021లో పెద్దవాళ్ల మీద చేసిన మూడు పరీక్షలు, అన్నీ కలిపి 151 మంది, ఒకచోట చేర్చి చూశారు. మందు లేని ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్ల కంటే సుమారు 17 నిమిషాలు ముందు నిద్రపట్టింది, ఆ ఆధారం కూడా బలహీనమేనని వాళ్లే రాశారు. మీ నాన్నగారికి పడుకోగానే నిద్ర పడుతోంది కదండీ! రెండింటికి మెలకువ వస్తోంది, అది వేరే లెక్క. మెటోప్రొలాల్ వల్ల కూడా కొందరికి పీడకలలు, మధ్యమధ్యలో మెలకువలు వస్తాయి, ఆ మాట కూడా డాక్టరుగారి చెవిన వేయండి.

థైరాయిడ్ బిళ్ళ వాడుతుంటే దానికీ మెగ్నీషియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మీరు రాయలేదు గానీ చాలామంది అది మందుల్లో లెక్కేయరు, అందుకని చెప్తున్నా.

వెన్నపూస:

ఈ బిళ్ళల గోల ఎందుకండీ. నువ్వులుండ ఒకటి, రాగి జావ, గుమ్మడి గింజలు, రోజూ తోటకూరో పాలకూరో. మెగ్నీషియం అదే వస్తుంది.

బ్రాడీపేట బాబాయ్:

వెన్నపూస గారూ, నువ్వులుండకి నేనూ చెయ్యెత్తుతాను, ఆకుకూర దగ్గర మాత్రం ఆగండి. ఆయన అసిట్రోమ్ మీద ఉన్నారు. ఎప్పుడూ తిననివాళ్లు ఒక్కసారిగా రోజూ ఆకుకూర మొదలుపెడితే అందులో విటమిన్ కె వల్ల ఆ మందు పని తగ్గిపోతుంది. మా ఆవిడ ఒక కార్తీక మాసం అంతా రోజుకో ఆకు వండి పెట్టింది, రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే నా ఐఎన్ఆర్ 2.4 నుంచి 1.5కి దిగింది. మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తినాలి.

సూర్యారావుపేట సుబ్బులు:

అక్కా, నాన్నగారికి గురక ఉందా? మా ఆయనకి ఏఎఫ్ (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) వచ్చాక కూడా నేను గురక సంగతి డాక్టరుకి చెప్పలేదు, అదేమన్నా జబ్బా అనుకున్నాను. పెద్దగా గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం, నేను పది లెక్కపెట్టేసరికి గుక్క తిప్పుకుంటూ లేచేవారు. స్లీప్ స్టడీ చేస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, అన్నారు. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ తగ్గి గుండె మీద భారం పడుతుందట, దాన్ని వదిలేస్తే లయ కూడా ఓ పట్టాన దారికి రాదట. ఇప్పుడు నిద్రలో గాలి పంపే సీపాప్ మెషీన్ మాస్కు పెట్టుకుంటారు. మొదటి నెల ఆ మాస్కుతో నానా గొడవ, పిల్లలు యుద్ధవిమానం పైలట్ అని ఏడిపించేవాళ్లు. ఇప్పుడు కరెంటు పోతే ఆయనే ముందు ఇన్వర్టర్ చూసుకుంటారు. అమ్మగారిని అడుగు, వాళ్లకే తెలుస్తుంది.

పటమట అమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. నీరు లాగే బిళ్ళ పొద్దున్నే వేసుకుంటున్నారు బాబాయ్‌గారూ, అక్కడ తేడా లేదు. థైరాయిడ్ లేదు. పాత ఫైలు తీస్తే పద్నాలుగు నెలల కిందటి రిపోర్టులో క్రియాటినిన్ 1.5, పక్కన ఎక్కువుందని బాణం గుర్తు కూడా ఉంది, మేమెవరం చూడనేలేదు. డాక్టరుగారి క్లినిక్‌కి ఫోన్ చేసి అది చదివి వినిపిస్తే మూడు వారాలు ఆగక్కర్లేదు, శుక్రవారం రమ్మన్నారు, ముందు క్రియాటినిన్, పొటాషియం, మెగ్నీషియం మూడూ చేయించి తెమ్మన్నారు, అప్పటిదాకా ఆ డబ్బా ముట్టుకోవద్దన్నారు.

గురక గురించి అమ్మని అడిగితే "నలభై ఏళ్లుగా ఉన్నదే, ఇప్పుడు కొత్తగా అడుగుతావేంటి" అంది. నాన్నగారు ఒప్పుకోలేదు. నిన్న రాత్రి ఫోన్‌లో రికార్డ్ చేశాను, సుబ్బులు గారు చెప్పినట్టే మధ్యలో నిశ్శబ్దం, తర్వాత గుక్క. పొద్దున కాఫీ తాగుతుంటే వినిపించాను. సాంతం విని, "అది పక్కింటివాళ్ల మోటారు" అన్నారు. రికార్డింగ్ శుక్రవారం పట్టుకెళ్తున్నాను.